కాచి చల్లార్చిన నీళ్ళు

"విషం పేరు చెప్పు, పిల్ల బతుకుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చెప్పకపోతే పిల్లా బతకదు, నీ ఉద్యోగమూ బతకదు."

ఫార్మసిస్టు అతనికేసి చూడలేదు. ఆస్పత్రి గది గోడ గడియారంకేసి చూస్తోంది. పొద్దున పదకొండుంపావు.

"పన్నెండు గంటల మందులు ఎవరు చూస్తున్నారు సార్?"

"నేనడిగింది విషం పేరు!"

"పన్నెండింటికి పాపకి నాలుగు మందులు వెళ్ళాలి సార్. అవి నేను చూడకుండా వెళ్ళకూడదు."

ఇన్‌స్పెక్టర్ అరచేత్తో బల్ల మీద ఒక్కటిచ్చాడు. పెన్నుల డబ్బా ఎగిరి కింద పడింది. అది దొర్లుకుంటూ వెళ్ళి, తలుపు తీసుకుని లోపలికొస్తున్న ఆవిడ చెప్పుకి తగిలి ఆగింది.

"తలుపు కొట్టి రావాలని తెలీదా?" అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"కొట్టాను బాబూ. లోపల నువ్వు బల్ల కొడుతున్నావు. నీదే గట్టిగా వినబడింది."

డిటెక్టివ్ వంగి పెన్నులేరి బల్ల మీద పెట్టింది. యాభై ఏళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, తర్వాత సొంతంగా ఆఫీసు తెరిచింది. జేబుదొంగల దగ్గర్నుంచి జడ్జీల దాకా అందరూ ఆవిణ్ణి పిన్ని అనే పిలుస్తారు. ఇన్‌స్పెక్టర్‌కి డిపార్టుమెంటు పెట్టిన పేరు బుల్లెట్. అరెస్టు చెయ్యడంలో అంత వేగం. గురి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

"ఈ కేసు నాది పిన్నీ."

"కేసు నీదే నాయనా. పిల్ల మాత్రం వాళ్ళమ్మది. ఆవిడ నన్ను పెట్టుకుంది." పిన్ని కుర్చీ లాక్కుని ఫార్మసిస్టుకి ఎదురుగా కూర్చుంది. "ఏమ్మా, నిన్ను ఇందులోకి ఎలా లాగారో మొదట్నించీ చెప్పు. గడియారం చూడకు. నీ బదులు నేను చూస్తుంటాను."

జరిగింది ఇది. మూడు వారాల కిందట ఒక కారు కాలవలో పడింది. నడుపుతున్న తండ్రి మునిగిపోయాడు. వెనక సీట్లో ఉన్న ఆరేళ్ళ పాపని తండ్రి స్నేహితుడు నీళ్ళలోకి దూకి బయటికి లాగాడు. పాప బతికింది గాని ఊపిరాడక మెదడు దెబ్బతింది. ఫిట్స్ మొదలయ్యాయి. ఒకటి తగ్గేలోపు ఇంకొకటి. పిల్లల మెదడు ఐసీయూలో ఆమెకి మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం వేసి, మెషిన్ మీద ఊపిరి పోస్తున్నారు.

ప్రమాదం అనే అందరూ అనుకున్నారు, పాప తల్లి తప్ప. కాలవలో పడబోయే ముందు భర్త ఆమెకి ఫోన్ చేశాడు. "ఎవరో వెనకనించి గుద్దుతున్నారు," అన్నాడు. ఫోన్ తెగిపోయింది. వెనక సీట్లో మోకాళ్ళేసి వెనకద్దంలోంచి చూస్తూ కూర్చోవడం పాపకి అలవాటు. గుద్దిందెవరో చూసిన కళ్ళు ఈ లోకంలో ఆ రెండే. అవిప్పుడు మూసుకుని ఉన్నాయి.

"పది రోజుల కిందట ఫిట్స్ ఆగిపోయాయండీ," అంది ఫార్మసిస్టు. "మందులతో కాదు. తిండితో. కీటో ఆహారం అని..."

"ఒళ్ళు తగ్గడానికి తింటారే, అదా?" అన్నాడు బుల్లెట్. "మా ఆవిడా చేసింది. ఆవిడకేం కాలేదు, నాకే ఫిట్స్ వచ్చాయి."

ఎవరూ నవ్వలేదు.

"ఒంటికి చక్కెర అందకుండా చేస్తే, అది కొవ్వు కరిగించుకుని బతుకుతుంది. అలా కరిగినప్పుడు కీటోన్లు పుడతాయి. పాప మెదడులో మంట ఆర్పుతున్నవి అవే. గొట్టంలోంచి వెళ్ళే తిండిలో చక్కెర లేకుండా చూడటం తేలికే. చిక్కంతా మందులతో. పిల్లల మందులు సిరప్‌లు కదండీ, సిరప్ అంటేనే చక్కెర పాకం. సెలైన్ సీసాల్లో కొన్నిటిలో గ్లూకోజ్. అవన్నీ మార్పించాను. సిరప్ బదులు మాత్ర తెప్పించి, నూరి, పాప బరువుకి తూచి పొట్లాలు కట్టాను."

"ఇవిగో!" బుల్లెట్ ఒక ప్లాస్టిక్ సంచీ ఊపాడు. "పేరూ ఊరూ లేని పొట్లాలు. ఈవిడ సొరుగులో."

"పేర్లు పైన కవరు మీద ఉన్నాయి సార్. ఆ కవరు మీ కానిస్టేబుల్ చించి పారేశాడు."

పిన్ని నవ్వు ఆపుకుంది. "వీటిని ల్యాబుకి పంపావా బాబూ?"

"పంపాం."

"ఏమొచ్చింది?"

బుల్లెట్ గొంతు సవరించుకున్నాడు. "మందే వచ్చింది. అంటే విషం ఉన్నవి ముందే మాయం చేసిందన్నమాట! నాలుగు రోజుల కిందట ఈవిడ మరో మందు మార్పించింది. మర్నాటి నుంచే ఫిట్స్ మళ్ళీ మొదలు. వరసగా మూడు రోజులు, మధ్యాహ్నం రెండింటికి. రాత్రిపూట ఒక్కసారీ రాలేదు. ఎందుకంటే ఈవిడ డ్యూటీ పగలు. డాక్టర్ రాస్తాడు, నర్సు ఇస్తుంది. మధ్యలో మాత్రలమ్ముకునే మనిషికి ఐసీయూలో ఏం పని చెప్పు?"

"ఆ మధ్యలోనే సార్ నా పని," అంది ఫార్మసిస్టు. మొదటిసారి ఆమె గొంతు లేచింది. "రెండు మంచి మందులు కలిసి ఒకదాన్నొకటి మింగేస్తాయి. పెద్దాళ్ళకి నప్పిన మోతాదు పద్దెనిమిది కిలోల పిల్లని చంపుతుంది. రోజూ రౌండ్స్‌లో డాక్టర్ పక్కన నిలబడి నేను చూసేది అదే."

"నిన్న ఈ అమ్మాయిని ఎన్నింటికి బయటికి పంపారు?" అడిగింది పిన్ని.

"పొద్దున తొమ్మిదింటికి. మేనేజ్‌మెంట్‌తో చెప్పి నేనే సస్పెండ్ చేయించాను."

"నిన్న రెండింటికి ఫిట్స్ వచ్చాయా?"

బుల్లెట్ పొట్లాల సంచీని బల్ల మీద పెట్టాడు.

"వచ్చాయి కదా. మరి నిన్నటి విషం ఎవరు పెట్టారు బాబూ? నువ్వా?"

"ముందురోజే కలిపిపెట్టి ఉంటుంది..."

"ల్యాబులో ఏమీ రాలేదన్నావు. కనబడని విషం, మనిషి లేకుండా తనంతట తనే వెళ్ళి గొట్టంలో దూకిందంటావు. మంత్రగత్తెని పట్టుకున్నావయితే, ప్రమోషన్ ఖాయం." పిన్ని ఫార్మసిస్టు వైపు తిరిగింది. "నీకేమనిపిస్తోందమ్మా?"

"చక్కెరండీ." తడుముకోకుండా వచ్చింది జవాబు. "మూడు రోజులుగా మధ్యాహ్నం పాప రక్తంలో చక్కెర నూట పది ఉంటోంది. మామూలు పిల్లలకి అది చక్కటి అంకె. అందుకే ఎవరి చూపూ దాని మీద ఆగలేదు. ఈ పాపకి డెబ్బై దాటకూడదు. ఎక్కణ్ణించో లోపలికి పోతోంది. అన్ని మందులూ వెతికాను, అన్ని సీసాలూ చదివాను. దొరకలేదు. దొరికేలోపు నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు."

ఆమె మళ్ళీ గడియారం చూసింది.

"ఈరోజు కూడా ఫిట్స్ వస్తే పెద్ద డాక్టర్‌గారు ఆహారం ఆపేసి పాపని మళ్ళీ పూర్తి మత్తులోకి దించేస్తారు. మొదటిసారి దించినప్పుడే బీపీ పడిపోయి గుండె ఆగినంత పనైంది. రెండోసారికి ఆ గుండె తట్టుకోదండీ."

పిన్ని లేచింది. "పద. ఆ మంచం చూడాలి."

"ఈవిణ్ణి ఐసీయూలోకి రానివ్వను," అన్నాడు బుల్లెట్.

"సరే, మందుల మీద చదివిన చదువు నీకుంటే నువ్వే రా. లేదంటే ఆ అమ్మాయి చెయ్యి నీ చేతికి కట్టుకుని రా, నాకేం. రెండింటికి పాపకేమన్నా అయితే, అన్నీ తెలిసినామెని గదిలో పెట్టి గొళ్ళెం పెట్టిందెవరని పేపరువాళ్ళు అడుగుతారు. నీ పేరు అక్షరం పొల్లుపోకుండా చెబుతాను."

బుల్లెట్ టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అతని భాషలో అది ఒప్పుకోవడం.

ఐసీయూలో నాలుగో మంచం. పాప తల చుట్టూ తీగలు, పక్కనే మెదడు గీతలు గీసే మానిటర్. మనిషి కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది.

"వాళ్ళమ్మేది?" అడిగింది పిన్ని.

"స్టేట్‌మెంటుకి స్టేషన్‌కి పిలిపించాను," అన్నాడు బుల్లెట్.

పిన్ని పళ్ళు నూరింది. మంచం దగ్గరున్న నర్సు పన్నెండు గంటల మందులు సర్దుతోంది. ఫార్మసిస్టుని చూడగానే ఆమె మొహం వెలిగింది, వెనక టోపీని చూడగానే ఆరిపోయింది.

"భయపడకు తల్లీ," అంది పిన్ని. "పాప ఒంట్లోకి పోయేవన్నీ ఒక్కొక్కటే చూపించు. మందు అనిపించనివి కూడా."

నర్సు చూపించింది. సెలైన్. ఫార్మసిస్టు చదివి తలూపింది. ముక్కు గొట్టంలో పోసే తిండి. తలూపింది. పొట్లాలు. తలూపింది. పిన్ని మాత్రం ట్రేలో వాడి పడేసిన పెద్ద సిరంజి ఒకటి తీసుకుని వెనక్కి లాగింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది. టప్పుమని ఊడొచ్చింది.

"ఇదేంటమ్మా, ఇంత బిగిసిపోయింది?"

"నాసిరకం సరుకండీ. పొద్దున వాడితే మధ్యాహ్నానికి అంటుకుపోతాయి. రోజూ ఇదే గోల."

"మూడో మంచానివి?"

నర్సు పక్క ట్రేలోంచి ఒకటి తీసి లాగింది. వెన్నలో కత్తిలా జారింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "అదేంటి... రెండూ ఒకే పెట్టెలోవండీ."

ఫార్మసిస్టు ఆ సిరంజి అందుకుంది. వేలితో లోపల తాకింది. వేలూ బొటనవేలూ కలిపి విడదీసింది. అంటుకుంటున్నాయి. ఆమె నర్సు వైపు తిరిగింది.

"మందు ఇచ్చాక గొట్టంలో నీళ్ళు పోస్తావు కదా. గొట్టం పూడుకోకుండా. ఏ నీళ్ళు?"

"అదేంటక్కా, కాచి చల్లార్చినవే." నర్సు స్టూలు కింద నుంచి స్టీలు ఫ్లాస్కు తీసింది. "పాప నాయనమ్మ పంపిస్తారు. మొన్నామధ్య వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చారు. అన్నం ముద్ద ఎలాగూ పెట్టలేను, నీళ్ళైనా నా ఇంటివి పొయ్యండమ్మా అని. నీళ్ళే కదాని ఊరుకున్నాను. పదింటికి వస్తుంది, సాయంత్రానికి అయిపోతుంది. రాత్రి షిఫ్టువాళ్ళు మన సీసాలే వాడతారు."

నీళ్ళు మందు కాదు. చార్టులో ఎక్కవు. డాక్టర్ రాయడు, ఫార్మసిస్టు చూడదు.

"షుగర్ మెషినివ్వు," అంది ఫార్మసిస్టు. వేలి చివర రక్తం చూసే చిన్న మెషిన్‌లో కాగితం దూర్చి, ఫ్లాస్కులోని నీటి బొట్టొకటి దాని కొసకి తాకించింది. మెషిన్ కూసింది. అంకె రాలేదు. కొలతకి అందనంత ఎక్కువని చెప్పే రెండక్షరాలు మాత్రం మెరిశాయి.

"మెషిన్ పాడై ఉంటుంది," అన్నాడు బుల్లెట్. మూతలో కాసిని నీళ్ళు ఒంపుకుని నాలిక మీద వేసుకున్నాడు.

మూడు రోజులుగా విషం విషం అంటున్న మనిషి, అది దొరకగానే మింగేశాడు. పిన్ని ఆ మాట పైకి అనలేదు. అతని మొహం చూస్తే అనక్కర్లేదనిపించింది.

"పాకం," అన్నాడు మెల్లగా.

ఫార్మసిస్టు అప్పటికే ఫ్లాస్కు మూత బిగించి, ట్రేలోని సిరంజిలన్నీ పక్కన పడేసింది. "సీలున్న నీళ్ళే వాడు. మందులకి కొత్త సిరంజిలు తియ్యి. గొట్టం ఒకసారి కడుగు. నేను పెద్ద డాక్టర్‌గారికి చెప్పొస్తాను, ఇక చక్కెర పోదు. మత్తులోకి దించక్కర్లేదు."

"ఒక్కమాట," పిన్ని ఆమె మోచెయ్యి పట్టుకుంది. "చక్కెరతో పాపకి ఫిట్స్ వస్తాయని బయటివాళ్ళకెవరికి తెలుసు?"

ఫార్మసిస్టు ఆగిపోయింది.

"ఆహారం మొదలుపెట్టిన రోజు నేనే కూర్చోబెట్టి చెప్పానండీ. నాలుగు చెంచాలు పోయినా చాలు, మొదటికొస్తుంది అని. ఇంటివాళ్ళు పొరపాటున ఏమీ పెట్టకూడదని చెప్పాను." ఆమె ఫ్లాస్కుకేసి చూసింది. "ఆ గదిలో పాప వాళ్ళమ్మ ఉంది. పాపని కాలవలోంచి తీశాడే, ఆయనున్నాడు."

"నాయనమ్మ?"

"లేరు. ఆవిడకేం తెలీదు."

"అయిపోయింది కేసు!" బుల్లెట్ ఫోన్ తీశాడు. "ఫ్లాస్కు వాళ్ళింటి నుంచే వచ్చింది. తల్లికే తెలుసు. తల్లి ఎక్కడుంది? నా స్టేషన్‌లో."

"తను చంపుకునే పిల్ల కోసం డిటెక్టివ్‌ని పెట్టుకుంటుందా ఎవరైనా?"

"అనుమానం రాకుండా పెట్టుకుంది. నీలాంటివాళ్ళు దొరికారు."

"మూడు రోజుల్లో ఇద్దరు హంతకుల్ని పట్టావు బాబూ. ఇంకో రెండు రోజులాగితే ఆస్పత్రి ఖాళీ అవుతుంది." పిన్ని అప్పటికే తలుపు దగ్గరుంది. "నాతో రా. ఆ ఫోన్ తర్వాత చేద్దువుగాని."

కింది అంతస్తు హాల్లో వరసగా కుర్చీలు. నాయనమ్మ చివరి కుర్చీలో, ఒళ్ళో ఖాళీ సంచీ పెట్టుకుని కూర్చుంది. రోజూ ఫ్లాస్కు పైకి పంపి, సాయంత్రం అది తిరిగొచ్చేదాకా కదలదు. పిన్ని ఆమె పక్కనే కూర్చుంది. బుల్లెట్ నోరు తెరవబోతే కాలితో అతని బూటు తొక్కింది.

"పెద్దమ్మగారూ, నీళ్ళు మీరే కాస్తారా?"

"నేనే అమ్మాయీ. మరిగించి, చల్లార్చి, గుడ్డలో వడకట్టి పోస్తాను. ఏం, పాపకి పడలేదా?" కళ్ళు భయంగా తిరిగాయి.

"ఓపిక రావాలని ఏమన్నా కలుపుతున్నారా?"

ముసలామె పిన్ని మొహంలోకి, ఆనక పోలీసు బూట్లకేసి చూసింది. సంచీ గట్టిగా పట్టుకుంది.

"విషం కాదుగా తల్లీ. గ్లూకోజ్ పొడి. నోట్లోకి ముద్ద లేక పడుంది పిల్ల. ఒట్టి నీళ్ళు పోస్తే ఏం జీవం ఉంటుంది? ఎండలో తిరిగొచ్చినవాళ్ళకే ఇస్తామే, పడుకున్నదానికి ఇస్తే తప్పా?"

"తప్పెవరన్నారు? మీకే తోచిందా?"

"నాకేం తెలుసమ్మా ఈ డబ్బాల సంగతి. ఆ బాబే తెచ్చిచ్చాడు. రోజూ వస్తాడు, నా కాళ్ళ దగ్గర కూర్చుంటాడు. అరడబ్బా కలపమ్మా, త్వరగా లేస్తుందన్నాడు. కోడలికి చెప్పొద్దన్నాడు, అది డాక్టర్లకి జడిసి పారబోస్తుందని."

"ఏ బాబు?" అడిగాడు బుల్లెట్. గొంతులో గరుకు లేదిప్పుడు.

"ఇంకెవరు నాయనా, మా చిట్టితల్లిని కాలవలోంచి తీసినవాడే. మావాడు చిన్నప్పణ్ణించీ కలిసి తిరిగినవాడే." ఆమె పిన్ని చెయ్యి పట్టుకుంది. "ఎందుకలా చూస్తున్నారు? నా నీళ్ళ వల్ల పిల్లకేమన్నా అయిందా?"

పిన్ని నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఆ మాట ఈ చేతులతో నీళ్ళు కాచిన మనిషి ఈరోజు మొయ్యలేదు.

"మీరు చెప్పడం మంచిదైంది పెద్దమ్మగారూ. ఇక్కడే ఉండండి." లేచింది. బుల్లెట్‌ని మెట్ల దాకా లాక్కొచ్చింది. "అర్థమైందా? కారుని వెనకనించి గుద్దింది వాడే, పాప చూసింది. ముంచడానికే కాలవలో దిగాడు. గట్టు మీద జనం పోగయ్యేసరికి తీయాల్సొచ్చింది. తీశాడు, దేవుడైపోయాడు. ఇప్పుడెక్కడున్నాడు వాడు?"

బుల్లెట్ టోపీ తీసేశాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"తల్లిని స్టేషన్‌కి పంపాను కదా పిన్నీ... పిల్ల దగ్గర ఇంటి మనిషి ఒకరుండాలన్నారు ఆస్పత్రివాళ్ళు. పాస్ అతని పేరు మీద రాయించాను. పన్నెండింటికి వస్తానన్నాడు."

పిన్ని గడియారం చూడలేదు. మెట్లెక్కడం మొదలుపెట్టింది. యాభై ఏళ్ళ మోకాళ్ళు ప్రతి మెట్టుకీ తిట్టాయి. వెనక బుల్లెట్ బూట్లు రెండేసి మెట్లు దూకుతూ ఆమెని దాటిపోయాయి.

ఐసీయూ తలుపు దగ్గర ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

కుర్చీ ఖాళీగా లేదు. అతను పాప మీదికి వంగి, చెవిలో ఏదో మెల్లగా చెబుతున్నాడు. మనిషి ఎంత మెత్తగా ఉన్నాడో చూపు కూడా అంత మెత్తగా ఉంది. మంచానికి అటువైపు నర్సు, కొత్త సిరంజి పట్టుకుని గుండె మానిటర్ చూస్తోంది. గుండె అంకె నూట పది. నూట ఇరవై ఆరు. నూట నలభై.

పిన్నిని చూసి నర్సు మొహమంతా నవ్వయింది.

"చూడండి పిన్నిగారూ! మూడు వారాల్లో మొదటిసారి. కాలవలోంచి తీసిన బాబాయి గొంతు వినగానే గుండె ఎలా కొట్టుకుంటోందో! గుర్తుపట్టిందండీ పాప!"

బుల్లెట్ చెయ్యి నడుం దగ్గరికి పోయింది. పిన్ని ఆ చేతిని పట్టి ఆపింది. అతనికీ వాళ్ళకీ మధ్య మంచముంది. మంచం మీద పద్దెనిమిది కిలోల ప్రాణం ఉంది.

"అవునమ్మా," అంది పిన్ని. "గుర్తుపట్టింది."

అతను తలెత్తాడు. పిన్ని కళ్ళలోకి చూశాడు, పోలీసు చేతికేసి చూశాడు. మొహం మీది నవ్వు చెక్కు చెదరలేదు. పాప దిండు మీదున్న ఎడంచెయ్యి మాత్రం కొంచెం జరిగి, ఆమె నోట్లోంచి వస్తున్న ఊపిరి గొట్టం చుట్టూ మెల్లగా బిగుసుకుంది.